పార్వతి సీట్లో ఆట

మొన్న మంగళవారం మా పాత ఆఫీసు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో అతని ఫోటో వచ్చింది. కింద దండ బొమ్మ, "మన సార్ ఇక లేరు" అని ఒక వాక్యం. అరగంటలో ఇరవై నమస్కారాలు పడ్డాయి. తండ్రిలాంటి మనిషి అని ఒకమ్మాయి రాసింది. ఒక్కసారి కూడా కసురుకోలేదని ఇంకొకమ్మాయి. అది నిజమే. కసురుకోలేదు.

నేను ఏమీ పెట్టలేదు. మా అమ్మ నా భుజం మీంచి ఫోన్లోకి తొంగి చూసి, "మీ సారు పోయాడేటే? పాపం, మన గుత్తొంకాయంటే పేణం పెట్టీవోడు కదా. ఓ ముక్క రాయి. పోయినోడి మీద పగేటి?" అంది.

ఒక ముక్కతో పోయేది కాదు. రాస్తే మొత్తం రాయాలి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. 'ఆయన' అని రాయడానికి చెయ్యి రావడం లేదు గనక 'అతను' అంటాను.

రెండువేల పదమూడులో నేను ఆ ఆఫీసులో చేరాను. విజయనగరంలో, మోటార్లూ పైపులూ అమ్మే షాపు మీద రెండో అంతస్తు. ఎక్కడిదో ఒక బీమా కంపెనీ పాత కాగితాలు స్కాన్ చేసి పంపేది. వాటిని చూసి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు కంప్యూటర్లో కొట్టడమే పని. పాతికమందిమి ఉండేవాళ్ళం, ఎక్కువ ఆడపిల్లలమే. నేను శృంగవరపుకోట నుంచి బస్సు మీద వచ్చేదాన్ని. అతను మా సూపర్‌వైజరు.

నడి వేసవిలో కూడా ముంజేతి బొత్తాలు పెట్టుకుని నిండు చేతుల చొక్కా వేసేవాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన ఒక స్టీలు చెంచా ఉండేది. తన డబ్బాలో ఎప్పుడూ పెరుగన్నమే, కూర తెచ్చుకునేవాడు కాదు. ఒంటిగంటకి మేం క్యారేజీలు విప్పగానే చెంచా తీసి బల్లల మధ్య నడిచొచ్చేవాడు. "ఏటి తల్లీ ఈవేళ?" అంటూ మూత తనే తీసేవాడు. ఎవరి కూరైనా రెండు చెంచాలు. తిని, కళ్ళు మూసుకుని, "మీ అమ్మ సెయ్యి మంచిది" అనో, "ఉప్పు ఓ సిటికెడు తగ్గిందమ్మా" అనో తీర్పు చెప్పేవాడు. మాకది ప్రేమలా ఉండేది. మా అమ్మయితే "ఇది మీ సారుకి" అని చిన్న గిన్నె విడిగా కట్టేది.

ఒకరోజు ఇంట్లో కుదరక వట్టి ఆవకాయ అన్నం తెచ్చుకున్నాను. అతను మూత తీశాడు, చూశాడు, మళ్ళీ తనే మూత పెట్టాడు. దాని మీద మెల్లగా తట్టి, "ఇంటికాడ అందరూ బాగున్నారా తల్లీ?" అని అడిగాడు. సాయంత్రం దాకా నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఏమీ అడగకుండానే ఎదుటి మనిషిని దొంగని చెయ్యడం అతనికి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. అది అప్పుడు నాకు తెలియలేదు. మర్నాడు రెండు కూరలు పట్టుకెళ్ళాను.

"కోపం నా జాతకంలో నేదు తల్లీ." రోజుకి ఒకసారైనా ఈ మాట అనేవాడు. గోడ మీద తెల్లబోర్డు ఉండేది. ఎవరు ఎన్ని తప్పులు కొట్టారో సాయంత్రం పేర్ల పక్కన వేసేవాడు. వేస్తూ కూడా నవ్వుతూ ఉండేవాడు. తప్పులు ఎక్కువొచ్చిన పిల్ల దగ్గరకి వచ్చి వక్కపొడి డబ్బా తెరిచి పట్టుకునేవాడు. తీసుకోకపోతే బాగుండదు. తీసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఆ వక్కపొడి వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా అక్కణ్ణుంచి లేచిపోతాను.

ఇంక ఆట సంగతి.

పొద్దుట పదకొండుకీ సాయంత్రం నాలుగుకీ పదేసి నిమిషాలు బ్రేకు. ఫోన్లు లోపలికి తేనివ్వరు, గుమ్మం దగ్గర ట్రేలో పెట్టి రావాలి. కంప్యూటర్లకి నెట్ లేదు, కాగితాల్లో సంగతులు బయటికి పోకూడదని. కంప్యూటర్లో మామూలుగా ఉండే ఆటలు కూడా తీసేసి ఇచ్చారు. రెండు గంటలు ఎవరివో పేర్లు, ఎవరి తండ్రుల పేర్లో కొట్టాక కళ్ళ ముందు అక్షరాలు చీమల్లా పాకేవి. ఆ పది నిమిషాలూ అక్షరం లేని పని ఏదైనా కావాలనిపించేది. మా తాత పేకలు పరుచుకుని ఒక్కడే ఆడుకునేవాడు, ఎర్ర దాని మీద నల్లది, నల్ల దాని మీద ఎర్రది. అలాంటిది చాలు నాకు.

దొరకడం కష్టమైంది. బస్సుల కాంప్లెక్సు దగ్గర షాపులో వంద ఆటల సీడీ కొన్నాను. పెడితే ఏదో నంబరు కొట్టమంది. సంచీలు ఎవరూ వెతకరు గనక నెట్ సెంటర్ నుంచి పెన్ డ్రైవులో ఒకటి తెచ్చాను. తెరవగానే నెట్ పెట్టమంది. ఇంకోటి తెరిస్తే బాజాలు మోగాయి, హాలంతా తల తిప్పి చూసింది. మరోటి నెల రోజులు ఆడనిచ్చి మూసుకుపోయింది. నాకు కావలసింది పెద్దదేం కాదు. శబ్దం రాకూడదు, నెట్ అడగకూడదు, మధ్యలో వదిలేసినా మారాం చెయ్యకూడదు.

ఈ గొడవంతా అతను నా కుర్చీ వెనక నిలబడి చూశాడు. మర్నాడు తాళాల గుత్తికి కట్టుకున్న పెన్ డ్రైవు తీసి, "ఇది సూడు తల్లీ. నెట్టూ గిట్టూ అడగదు. పది నిమిషాలు ఆడుకుంటే బుర్ర సల్లబడతాది" అన్నాడు. రెండో వరసలో ఆరు సిస్టముల్లో ఎక్కించాడు. ఆకుపచ్చ గుడ్డ మీద పేకలు. అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ నాది పాత డబ్బా, అందులోకి అది ఎక్కలేదు.

"దానికేటి?" అన్నాడు అతనే. "పార్వతి బ్రేకులో ఎలాగూ కిందకి పోతాది కదా. దాని సీట్లో కూకుని ఆడుకో."

పార్వతి నా పక్క సీటు. నాకంటే రెండేళ్ళు పెద్దది, పెళ్ళయింది. చీపురుపల్లి నుంచి రైల్లో వచ్చేది. హాలు మొత్తానికి ఆమెదే వేగం. ఆమె మూడేళ్ళ పాపకి మూర్ఛ జబ్బు, పదకొండుకీ నాలుగుకీ మాత్ర వెయ్యాలి. బ్రేకు గంట కొట్టగానే ట్రేలోంచి ఫోన్ తీసుకుని మెట్ల మీదకి పరిగెత్తేది, అత్త మాత్ర వేసిందో లేదో కనుక్కోడానికి. "నా కుర్సీ ఎచ్చగున్నాది, కూకో" అని నవ్వుతూ పోయేది. అలా నేను రోజుకి రెండుసార్లు ఆమె సీట్లో, ఆమె పాస్‌వర్డుతో తెరిచిన కంప్యూటర్లో ఆడేదాన్ని.

అతను వెనకొచ్చి నిలబడేవాడు. ఒక చెయ్యి కుర్చీ వీపు మీద వేసి కొంచెం వెనక్కి లాగేవాడు. రెండో చేత్తో నా భుజం పక్క నుంచి వేలు పెట్టి తెర మీద చూపించేవాడు. "ఆ ఇస్పేటు తొమ్మిది తియ్యి తల్లీ. రాణిని అలగొగ్గెయ్యి, కదపకు." చెమట పట్టిన వేలు. అది తగిలిన చోటల్లా గాజు మీద జిడ్డు మచ్చ. నేను కొంగుతో తుడుచుకునేదాన్ని. అతని మాట విని ఓడిపోతే, "నువ్వు ముందే ఆసు తియ్యాల్సింది" అనేవాడు. గెలిస్తే వరసంతా వినిపించేలా, "సూసేరా, నా సిస్యురాలు!" అనేవాడు. "మీరూ ఆడండి సార్" అంటే, "నాకు ఆట రాదు తల్లీ. సూడ్డవే వచ్చు" అన్నాడు.

ఒకసారి బోర్డు మీద పార్వతి పేరు పక్కన పదిహేను తప్పులు పడ్డాయి. ఆమె లేచి నిలబడింది. "సార్, ఆ ఫారాలు నాను కొట్టినవి కావు. ఆవేళ నాను సెలవు. పాపని ఆస్పత్రికి తీసుకెళ్ళాను" అంది. అందరి ముందూ అంది. ఆ ఫారాలు ఎవరివో అందరికీ తెలుసు. మొదటి వరసలో కూర్చునే అతని మేనకోడలివి. ఆ పిల్ల తప్పులు తలో కాస్తా మా పేర్ల మీద సర్దుతాడని మేం గుసగుసలాడుకునేవాళ్ళం గానీ, లేచి నిలబడింది పార్వతి ఒక్కర్తే.

"అలాగా అమ్మా? పొరపాటైపోనాది. తుడిసేద్దాం" అని అతను అరచేత్తో అంకె చెరిపేశాడు. వెళ్ళి వక్కపొడి డబ్బా ఆమె ముందు పట్టుకున్నాడు. ఆమె తీసుకోలేదు. అతను నవ్వుతూనే డబ్బా మూశాడు.

రెండు నెలలు గడిచాయి. కంపెనీ పంపే ఫారాలు తగ్గాయి. విశాఖపట్నంలో ఉండే ఓనరు నెలకోసారి వచ్చేవాడు. ఆ నెల వచ్చినప్పుడు అందర్నీ పని ఆపమన్నారు. ఎవరినో ఒకరిని తీసేస్తారని ముందే గుప్పుమంది. దానికి ముందు రోజే అతను వైరస్ అని చెప్పి రెండో వరస సిస్టముల్లో ఆట తీసేశాడు. పార్వతి సిస్టం వదిలేశాడని నేను గమనించాను. నా కోసం వదిలాడనుకున్నాను. లోపల్లోపల సంతోషించాను కూడా.

"తల్లీ, ఓపాలి లెగు" అని అతను పార్వతిని లేపి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఆట తెరిచి పైన ఎక్కడో నొక్కాడు. చిన్న పట్టిక వచ్చింది, ఎన్ని ఆడారో ఉంటుంది, ఎప్పుడు ఆడారో ఉండదు. అందులో అలాంటిదొకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆడినవి నాలుగువందల పన్నెండు. గెలిచినవి నూటముప్పై ఒకటి" అని వార్తలు చదివినట్టు చదివాడు.

ఒక సంగతి దాచను. నూటముప్పై ఒకటి అని వినగానే, సిగ్గు లేకుండా, ఒక్క క్షణం నాకు గర్వం వేసింది. తర్వాత ఆ లెక్క ఎవరి పేరు మీద పడుతోందో అర్థమైంది.

"నాను ఆడనేదు సార్. నాకు పేకల్లో ఏది ఏదో కూడా తెల్దు" అంది పార్వతి.

"మీ పాస్‌వర్డు మీదే కదమ్మా ఉంది?" అన్నాడు ఓనరు.

"బ్రేకులో నాను కిందకి పోతాను సార్, పాప మాత్ర కోసం ఫోన్ సెయ్యడానికి. సార్‌కి తెలుసు. అడగండి."

ఓనరు అతని వైపు తిరిగాడు. అతను కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. "పిల్ల మంచిదే సార్. పనొచ్చు. ఇంట్లో ఇబ్బందులు, ఏదో యావలో పడిపోనాది. ఇంకో అవకాసం ఇమ్మనే నా మనవి."

ఆమె తరఫున బతిమాలాడు! అభియోగం అతనిదే, బతిమాలడం అతనిదే. ఆ బతిమాలడంతోనే పార్వతి పని అయిపోయింది. ఇంత దయగల మనిషి చెప్పాక ఇంక ఎవరు నమ్మరు?

నా కుర్చీ ఆమెకి నాలుగడుగుల దూరంలో ఉంది. లేచి "నేను సార్" అంటే చాలు. రెండే మాటలు. పార్వతి నా వైపు చూడలేదు, నన్ను ఇరికించకూడదని కావాలనే చూడలేదు. అతను మాత్రం చూశాడు. రోజూ పేక చూపించేటప్పటి చూపే. నాకు ఏ ముక్క కదపాలో, ఏది వదిలెయ్యాలో తెలిసిపోయింది. వరసలో వాళ్ళూ ఆడినవాళ్ళే గనక ఎవరూ లేవలేదు. నేనూ కూర్చునే ఉన్నాను.

పార్వతి డబ్బా, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు అతను నన్ను ఆమె సీట్లో కూర్చోమన్నాడు. కొత్త సిస్టం, కిటికీ పక్క. "నీ గురించి కూడా సెప్పొచ్చు. కానీ నువ్వు మంచి పిల్లవి. మనం మనం ఒకటి" అని మెల్లగా అన్నాడు. ఒంటిగంటకి చెంచా తీసుకుని వచ్చాడు. నేను మూత తనకంటే ముందు తీసి పట్టుకున్నాను. ఏడు నెలలు అలా మూత తీసి పట్టుకున్నాను. తర్వాత మా ఊరి కాలేజీ ఆఫీసులో పని దొరికి బయటపడ్డాను.

మానేసిన వారంలో చీపురుపల్లి వెళ్ళాను, పార్వతికి క్షమాపణ చెప్పుకుందామని. స్టేషను అవతల వీధిలో ఇల్లు. అరుగు మీద ఆమె అత్త చేటలో నువ్వులు చెరుగుతోంది. నేను ఆఫీసులో పనిచేసినదాన్నని చెప్పగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఆ పేకాట ఆపీసా? మా ఇంటాయన పేకల్లో రెండెకరాలు తగలేసి పోయాడమ్మా. ఈ ఇంట్లో పేక ముక్క కనబడితే నాను పొయ్యిలో ఎడతాను. కోడలు అదే యాపారం మొదలెట్టినాది. ఉజ్జోగం పోనాదంటే పోదా మరి? గడప దాటి పోవొద్దని సెప్పేసినాను." కళ్ళు చికిలించి నన్ను చూసింది. "నువ్వూ ఆడతావేటి?"

"లేదండి" అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు. దానికోసమే రైలెక్కి వెళ్ళాను. అడగనే అడిగింది. లేదండి అన్నాను.

పార్వతి లోపలి నుంచి పాపని చంకనేసుకుని వచ్చింది, చిక్కిపోయి ఉంది. మంచినీళ్ళిచ్చింది. నేను ఏడుస్తూ ఏదో చెప్పబోతే, "తెలుసులే. నా సీట్లో ఆడింది నువ్వని నాకు తెల్దేటి?" అంది. వీధి చివరి దాకా వచ్చింది. అక్కడ ఆగి, "ఇందాక మా అత్త అడిగినప్పుడు సెప్పుంటే బాగుణ్ణు" అంది. కోపం లేదు ఆ గొంతులో. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

నాకు అతని మీద ఇంత పగ ఎందుకో మా అమ్మకి చెప్పాలంటే ఇక్కడే చెప్పాలి. పార్వతికి చేసింది ఒక ఎత్తు. నాలో ఉన్న పిరికిదాన్ని నాకంటే ముందు కనిపెట్టి, దానికి అలవాటుగా తిండి పెట్టింది అతనే. అతను దగ్గర లేకపోయినా ఆ అరుగు ముందు నేను అతని శిష్యురాలిలాగే జవాబు చెప్పాను.

నిరుడు వేసవిలో విజయనగరం కాంప్లెక్సులో కనిపించాడు. రిటైరయ్యాడు. భార్య పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. "ఓలమ్మ! నా సిస్యురాలు!" అని లేచి భార్యకి చూపించాడు. "ఈ పిల్ల నా సేతుల మీద పెరిగినాది. ఈళ్ళమ్మ గుత్తొంకాయ నాకింకా గుర్తే." నా సంచీ వైపు ఒకసారి చూశాడు కూడా.

"పార్వతి గుర్తుందా సార్?" అన్నాను.

"ఏ పార్వతి?"

"చీపురుపల్లి నుంచి వచ్చేది. పాపకి మూర్ఛ."

నుదురు ముడేశాడు. నిజంగానే వెతుక్కున్నట్టు కనిపించింది. తర్వాత మొహం వికసించింది. "ఓ, ఆ పేకాట పిల్లా! పాపం, ఆ పిల్ల కోసం ఓనరు కాళ్ళు పట్టుకున్నంత పని సేసేను. ఏటి సేస్తాం, యావ." భార్య అయ్యో అంది.

"ఆడింది నేను సార్" అన్నాను. గట్టిగానే అన్నాను, పక్క బెంచీ వాళ్ళు చూశారు. "నాలుగువందల పన్నెండు ఆటలూ నేనే ఆడాను. మీరు నా వెనక నిలబడి ముక్కలు చూపించారు. ఆవిడ సీట్లో కూర్చోమన్నది మీరే."

అతను నవ్వాడు. చిన్నపిల్ల అలిగితే పెద్దవాళ్ళు నవ్వినట్టు. భార్యతో, "సూసేవా, ఎంత మంచి మనసో! స్నేహితురాలి తప్పు నెత్తిన ఏసుకుంటన్నాది" అన్నాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నిమిరింది.

నటించాడో, చెప్పిన అబద్ధమే తనకి నిజమైపోయిందో నాకు తెలీదు. నటించాడనే నా నమ్మకం. ఆ నమ్మకం మీద నేను ఎవరితోనూ వాదించను. చెయ్యి విడిపించుకుని, "మీరు చెడ్డవారు సార్" అన్నాను. ఆ మాటకి మాత్రం నవ్వు ఆగింది. వక్కపొడి డబ్బా తీయబోయి తీయలేదు. అతన్ని నేను చూడడం అదే ఆఖరు. ఆ నవ్వు ఆగడం నేను చూశాను, అది నాకు చాలు.

మా ఊరి బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు. అవతల ప్లాట్‌ఫారం మీద ఉన్న రాజాం బస్సెక్కి చీపురుపల్లిలో దిగాను.

అత్త అరుగు మీదే ఉంది. చూపు బాగా తగ్గింది. నేనెవరో చెప్పుకుని, నిలబడే చెప్పాను. ఆఫీసులో పేకలాడింది నేననీ, పార్వతి ముట్టుకోలేదనీ, అప్పుడు అడిగితే మీతో అబద్ధమాడాననీ. ఆవిడ మొహం ఇంట్లోకి తిప్పి కేకేసింది.

"ఒలే పార్వతీ! నువ్వు సెప్పిందే నిజమటే!"

లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

"మరిన్నాళ్ళూ ఏటనుకున్నావు?" అంది పార్వతి లోపలి నుంచి.

గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆమె బయటికి రాలేదు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. కాసేపు నిలబడి, స్టేషను వైపు నడిచాను.